గాలి మరమ్మతు

సొహార్‌ల జులై అంటే
రాత్రి పదింటికి సుత గోడకు ఒరగలేం.
సముద్రం పక్కనే ఉంటది గని
చెమటను ఆరనియ్యదు, అంతే దాని పుణ్యం.

ఖల్ఫాన్ ముసలాయన ఫోన్ చేస్తే
ఏసీల గ్యాస్ పోయిందేమో అనుకుని
సిలిండర్ భుజాన ఏసుకుని మేడెక్కిన.
చిన్న అర్ర. ఏసీ మంచిగనే ఉన్నది.
గోడ పొంట ఇనుప పెట్టె ఒకటి, బియ్యం డబ్బా అంత.
"జబ్బు దీనికి" అన్నడు,
సగం అరబ్బీ, సగం హిందీ.

జాలీలకెల్లి చూపిచ్చిండు:
చెంబంత గాజు బుడ్లు రెండు,
వాటి చుట్టు ఇంకో గాజు గొట్టం, లాంతరు చిమ్నీ లెక్క.
లోపట మూడు వేల వోల్టులు.
వేలు పెడితే నీ పేరు నీకు ఎరుకుండదు.

ఆయన మోర్స్ మీట కొట్టంగనే
బుడ్డి నడుమ రేకు ఎర్రబడ్డది.
ముందుగాల మోదుగుపువ్వు.
"ఈడిదాంక పర్వా లేదు."
గని ఆగలే అది,
కొలిమిల కర్రు లెక్క తెల్లగ కాబట్టింది.
చెయ్యి తీసిండు.
ఇద్దరం ఊపిరి ఇడిసినం.

నాకొచ్చిన విద్య ఒక్కటే.
"పైపు తోలి ఏసీ గాలి సక్కగ దీనిలకు కొడత" అన్న.
పండ్లు లేని నోటితోటి నవ్విండు.
కరెంటు పోయి ఉప్పుగాలి లోపటికొస్తే
చల్లటి ఇనుముకు చెమట పడతదట,
అన్ని వోల్టులకు ఒక్క బొట్టు చాలట.
"దీనికి చలువ అక్కర లేదు, రాజలింగం.
గాలి కావాలె. ఆగని గాలి."

బయట నలభై రెండు.
గాజు మెడ కాడ రెండు వందలు.
మనల్ని కాల్చే గాలి సుత
మనకంటే ఎక్కువ కాలేటోనికి చన్నీళ్లే అని
ఇరవై ఏండ్ల సర్వీసుల అప్పుడు తెలిసింది నాకు.

ప్లగ్ పీకి, కొంచెం సేపు ఆగి,
కర్ర కొసకు కట్టిన రాగి కొక్కెంతోటి తాకి
చప్పుడు రాలేదని చూసినంక బోల్టులిప్పిన.
బ్లోయర్ రెక్కల సందుల దొరికింది దొంగ:
మైదా అసొంటి ఇసుక, పిల్లి బొచ్చు,
ఎండిన పురుగొకటి,
అన్నిటినీ అతికిన సాంబ్రాణి పొగ జిడ్డు.
పాత పండ్ల బ్రష్‌తోటి రెక్కకు రెక్క గీకిన.
యాభై దాంక లెక్కవెట్టి మర్చిపోయిన.
బుష్‌ల రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె.
మూత మీద కాయితం పెడితే
ఎగిరి ముసలాయన టోపీకి తాకింది.

ఆ రాత్రి పలికినోడు దునియా అడుగున,
చిలీ దేశం తోక కాడ ఉంటడట.
వీళ్లు ముందుగాల వాతావరణం చెప్పుకుంటరు.
అక్కడ మోకాళ్ల మంచు, సున్నాకు కింద ఆరు.
ఆయన తన ట్యూబుల వేడికి
చేతులు కాపుకుంటున్నడట.
"నా గాలిని బాగు చేసినోడు పక్కనే ఉన్నడు" అని
ఖల్ఫాన్ నా పేరు కొట్టిండు, చుక్కలు, గీతలు.
పాస్‌పోర్టుల ఎక్కినంక సుత
నా పేరు అంత దూరం ఎన్నడు పోలే.

అయిపోయింది గదా అని స్విచ్ మీద చెయ్యేస్తే
మణికట్టు పట్టుకున్నడు.
"మాట ఆపినంక సుత గాలి ఆడాలె.
ఐదు నిమిషాలు."
అప్పుడే ఆపితే మెడ కాడ అతుకు పగిలి
ఇన్నాళ్లు బయట బతికిచ్చిన గాలే
లోపటికి చొరబడి చంపుతదట.

కహ్వా పోసిండు. ఇద్దరం ఏం మాట్లాడలే.
ఫ్యాన్ ఒక్కటే మాట్లాడింది.
పోయేటప్పుడు పది రియాళ్లిచ్చిండు,
తీసుకున్న, అబద్ధమెందుకు.

తెల్లారి పగటియాళ్ల
మాల్ పైకప్పు మీదికెల్లి దిగొచ్చిండు మా హెల్పర్ భూమేశ్.
చెవులు ఎర్రగ, కండ్లు ఎర్రగ,
బూట్లతోనే మంచం మీద ఒరగబోయిండు.
ఆపిన.
"జోళ్లు ఇడువు. ఫ్యాన్ ముంగట కూసో. ఐదు నిమిషాలు."
"నిద్రొస్తుందన్నా, నేనేమన్న మిషిన్‌నా?"
మిషిన్‌వైతే ఇంత ఎర్రబడంగనే
ఎవడన్న చెయ్యి తీస్తుండె —
అందామనుకున్న, అనలే.
ఫ్యాన్‌ను వాని మెడ మీదికి తిప్పి
గడియారం చూసుకుంట కూసున్న.